యువరాజు గారి మౌనం

2006లో కొరియా ఎంబీసీ ఛానల్లో వచ్చిన 'గూంగ్' 24 ఎపిసోడ్లూ మా ఆవిడా నేనూ చూసేశాం. కొరియాలో ఇంకా రాచరికం ఉండుంటే అన్న ఊహతో అల్లిన కథ. తాతలు ఇచ్చుకున్న మాట కోసం మామూలింటి పిల్ల ఛే-గ్యోంగ్‌ని యువరాజు షిన్‌కి కట్టబెడతారు. మన పాత సినిమాల్లో చూడనిదేం కాదు లెండి :)

గొడవంతా యూల్ దగ్గరొచ్చింది. షిన్ ముభావంగా ఉంటాడు, కసురుకుంటాడు. అతని పెదనాన్న కొడుకు యూల్ మాత్రం ఆ పిల్ల చెప్పేదంతా కూర్చుని వింటాడు. చూసేవాళ్ళలో సగం మంది అతని పక్షమే అవుతారనుకుంటా.

"పాపం, షిన్ అంతఃపురంలో ఒంటరిగా పెరిగాడు, ప్రేమ చూపించడం రాదంతే" అని నేను వెనకేసుకొచ్చా.

"అతని మనసులో ఏముందో ఆ పిల్లకెలా తెలుస్తుంది? మీరూ ఆఫీసు నుంచి రాగానే ల్యాప్‌టాప్ తెరుస్తారు. నేనూ ఊహించుకోవాలా?"

కాసేపు నోట మాట రాలేదు. చివరికి షిన్‌నే కోరుకుంది కదా అన్నా.

"నోరు విప్పాక" అంది.