మన ఇంటి కైఫీయత్తు

కైఫీయత్తు అనే మాట ఈనాడు మన ఇండ్లలో వినబడదు. పారసీకం నుంచి కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చిన మాట అది. ఊరు ఎట్లా ఏర్పడింది, చెరువు ఎవరు త్రవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, కరణీకం ఏ ఇంటివారిది, ఏ దండు వచ్చి ఊరు పాడయింది, ఇవన్నీ వరుసగా వ్రాసిన కాగితానికి కైఫీయత్తు అని పేరు. రాజుల చరిత్ర కావలసిన వారికి శాసనాలున్నవి, కావ్యాలున్నవి. మామూలు ఊళ్ల సంగతి, మామూలు కుటుంబాల సంగతి కావలసిన వారికి చాలా చోట్ల ఈ కాగితాలే దిక్కు.

వీటిని ప్రోగు చేయించినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. 1783లో మదరాసుకు వచ్చి, 1815లో హిందూదేశానికంతటికీ సర్వేయర్ జనరల్ అయి, 1821లో చనిపోయాడు. ఆయన పేరు లోకానికి తెలుసును గాని, ఆయన వెనుక పనిచేసిన ఏలూరు కావలి సోదరులను మనం తలచుకోవడం తక్కువ. వారిలో ఒకరు బొర్రయ్యగారు. భారతదేశపు విద్యల వాకిలి తనకు ఆయన పరిచయంతోనే తెరుచుకున్నదని మెకంజీ స్వయంగా వ్రాసుకున్నాడు. బొర్రయ్యగారు చిన్న వయసులోనే 1803లో పోయారు. తమ్ములు లక్ష్మయ్యగారు, రామస్వామిగారు పని సాగించారు. వీరి మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గర ఉన్న కవిలెలు చూచి, పెద్దలను అడిగి వ్రాసుకున్నారు. మెకంజీ పోయిన తరువాత ఈ పని తామే సాగిస్తామని లక్ష్మయ్యగారు కోరితే పైవారు ఒప్పుకోలేదు.

ఆ కాగితాలు కలకత్తా చేరి, దక్షిణ భాషలవి కొన్ని తిరిగి మదరాసుకు వచ్చినవి. పురుగు పట్టి పోవలసిన వాటికి సి. పి. బ్రౌను దొర పండితుల చేత శుద్ధప్రతులు వ్రాయించాడు. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయ భవనంలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉన్న ఏళ్లలో ఎందరో పరిశోధకులు అక్కడ కూర్చుండి వాటిని చదివారు. కడపలో బ్రౌను నివసించిన స్థలంలో వెలసిన భాషా పరిశోధన కేంద్రం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం క్రింద ఉన్నది. కడప సీమ కైఫీయత్తులు అక్కడ నుంచి సంపుటాలుగా అచ్చయినవి. రెండు వందల ఏండ్ల క్రిందట కరణం చెప్పిన మాటను ఆ ఊరి పిల్లవాడు ఈనాడు కొని చదువుకోవచ్చునన్న మాట.

ఇది ఆంధ్ర దేశం వారి సొత్తు, మనకేమి అని అనుకోరాదు. మధుర, తిరునెల్వేలి సీమల పాళెగాండ్ర వంశావళులు కూడా మెకంజీ సేకరణలో ఉన్నవి. వారిలో తెలుగు నాయకులు ఎందరో. ఏరు దాటలేక నిలిచినవారికి ఒడ్డున ఉన్న చెట్లు వంగి దారి ఇచ్చినవని కంబళం నాయకుల ఇండ్లలో చెప్పుకునే కథను థర్‌స్టన్ 1909లో అచ్చు వేయించాడు. చెట్టు వంగినదో లేదో గాని, ఆ వంశం వారు దాటి వచ్చినవారమని మరువలేదు. అదీ చరిత్రే.

అయితే ఈ కాగితాలలో ఒక కొరత ఉన్నది. కలం ఎవరి చేతిలో ఉంటే వారి మాటే ఎక్కువ. కరణం తన మిరాసీ సంగతి విపులంగా చెప్పుకున్నాడు. మాన్యం నిలవాలని కోరేవాడు దాత పేరు మరువలేదు. చెరువు మట్టి మోసిన ఆడవారి పేర్లు గాని, రాత్రి ఊరు కాచిన తలారి కుటుంబం సంగతి గాని వెదికితే దొరకడం కష్టం. అడిగినవారు లేరు గనుక చెప్పినవారూ లేరు.

ఇప్పుడు మన సంగతి చూతము. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన బరంపురం వారున్నారు. మగ్గం నమ్ముకొని షోలాపురం చేరిన పద్మశాలీలున్నారు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో తాతగారి జనన పత్రం ఫ్రెంచి భాషలో ఉన్న ఇండ్లున్నవి. వీరి కైఫీయత్తు వ్రాయడానికి ఏ దొర రాడు. విశ్వవిద్యాలయం వారు కూడా మనం దాచినదానినే దాచగలరు గాని, మనం పారవేసినదానిని తెచ్చి పెట్టలేరు.

కచేరీ కాగితాల మధ్య బ్రతికేవారము గనుక మాకు ఒకటి తెలుసు. పనికిరాదని కట్ట కట్టి అటక మీద వేసిన దస్త్రాన్నే పదేండ్ల తరువాత అడుగుతారు. మన సంఘాలలో పాత మినిట్సు పుస్తకాలు, చందా రసీదులు, ఉగాది ఆహ్వానాలు పాత కాగితాల వానికి తూకానికి పోతున్నవి. ఇంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఇంట్లో తెలుగు మాటలాడుతూ తమిళం లోనో, కన్నడం లోనో వ్రాసుకునే పిల్లలే మనలో ఎక్కువ. తాతగారి తెలుగు దస్తావేజు చెద తినకపోయినా, చదివేవారు లేక మూగపోతున్నది.

కాబట్టి చదువరులకు మా మనవి. ఇంటి పెద్దలు ఉండగానే అడిగి వ్రాయండి: ఏ ఊరి నుంచి, ఏ పని మీద, ఎవరి వెంట వచ్చారు, మొదట ఎవరి పంచలో తలదాచుకున్నారు. పాత ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం వేయండి. పాత కాగితాలకు ప్లాస్టికు తొడుగు అతికించవద్దు, తుప్పు పట్టే పిన్నులు తీసివేయండి. తెలుగులో వ్రాసిన దాని సారాంశం పిల్లలు చదివే భాషలోనూ ఒక పుట వ్రాసి జత చేయండి. సంఘం వారు అధ్యక్షులకు వేసిన పూలదండతో పాటు, ఆదివారం అక్షరాలు దిద్దించిన అమ్మ పేరు, సభకు చాపలు పరచిన అబ్బాయి పేరు కూడా మినిట్సులో ఎక్కించండి. ఒక ప్రతి సంఘంలో, ఒక ప్రతి మరొకచోట ఉంచండి.

ఒక నోటు పుస్తకం, నాలుగు ఆదివారాలు ఉంటే చాలు. ఈ పని మొదలు పెట్టడానికి కావలసిన పెట్టుబడి అంతే.