ఆరణి ఏటి ఒడ్డున మూడేళ్ళు

పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు పల్లెటూరికి బదిలీ అయిందంటే బ్యాంకు ఉద్యోగి ఇంట్లో రెండు రోజులపాటు ఎవరూ సరిగా అన్నం తినరు. 2001 జూన్‌లో మా ఇంట్లోనూ అదే జరిగింది. ప్రమోషన్ కావాలంటే గ్రామీణ శాఖలో మూడేళ్ళు పనిచేయక తప్పదు. పాపకు అయిదేళ్ళు, బాబుకు మూడు. "పిల్లల చదువులేం కావాలి?" అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. మా పాప మాట్లాడేది కాదు. ఇంట్లో ఏదో రెండు ముక్కలు అనేది గాని, బడిలో నోరు విప్పేది కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య పిల్ల మూగనోము పట్టింది. వైద్యులు ఏ లోపమూ లేదన్నారు. అటువంటి పిల్లను తీసుకుని ఎక్కడికో వెళ్ళడమా అన్నదే మా ఇద్దరి బెంగ.

ఎక్కడికో కాదు, మద్రాసుకు అరవై కిలోమీటర్ల లోపే. రెడ్‌హిల్స్ దాటి, జనప్పన్‌చత్రం దగ్గర ఎడమకు తిరిగి, భవానీ అమ్మవారి పెరియపాళెం మీదుగా వెళితే ఊత్తుకోట వస్తుంది. ఆ ఊరు దాటితే ఆంధ్ర. సరిహద్దు దాటగానే ఆరణి ఏటి ఒడ్డున సురుటుపల్లి. నేను పనిచేసిన శాఖ ఆ చుట్టుపక్కలదే. అద్దె ఇల్లు మాత్రం సురుటుపల్లిలో దొరికింది. వాకిట్లో వేపచెట్టు, పెరట్లో బావి, పక్క భాగంలో ఇంటి యజమానురాలైన అవ్వ, ఆమె రెండు ఆవులు, లెక్కతెలియనన్ని కోళ్ళు.

ఈ ప్రాంతం కథ మన పాఠకుల్లో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పటాస్కర్ నిర్ణయం ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. బదులుగా చెంగల్పట్టు జిల్లాలోని కొన్ని ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. గీత కాగితం మీద పడింది గాని మనుషుల మధ్య పడలేదు. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం. రెండిళ్ళవారికీ రెండూ వచ్చు. కొట్టు దగ్గర ఒకే వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించేవారు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టేవారు కాదు. మా పాపకు మందు అక్కడే దొరికిందని నాకు తరువాత తెలిసింది.

సురుటుపల్లి అనగానే భక్తులకు పళ్ళికొండేశ్వరస్వామి గుర్తుకొస్తాడు. శివుడు ఎక్కడైనా లింగరూపంలో ఉంటాడు. ఇక్కడ మాత్రం హాలాహలం మింగిన బడలికతో అమ్మవారి ఒడిలో తలపెట్టి పడుకుని ఉంటాడు. ఆయనను చూడటానికి సురులు వచ్చిన పల్లె కనుక సురులపల్లి, అదే సురుటుపల్లి అయిందంటారు. మేము వెళ్ళిన మొదటి ప్రదోషం రోజున గుడి కిటకిటలాడుతోంది. పాపను ఎత్తుకుని చూపించాను. కాసేపు చూసి అందరికీ వినపడేలా "నాన్నా, స్వామికి జ్వరమా?" అంది. పూజారిగారు హారతి పళ్ళెం ఆపి, "విషం తాగినాడు గదమ్మా, అలిసిపోయి పడుకున్నాడు. వాళ్ళమ్మణ్ణి చూసుకుంటా ఉంది, నువ్వు దిగులు పడబాక" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా ఆవిడ మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పాప కొత్తవాళ్ళ మధ్య అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

తరువాత ఆ నోరు మూతపడలేదు. అవ్వ వెంట కోళ్ళను గంప కింద కమ్మడానికి వెళ్ళేది. ఆవులను పేర్లతో పిలిచేది. ఊరి తెలుగు బడిలో పలక పట్టుకుని కూర్చుంది. మూడు నెలలకల్లా "ఈడ", "ఆడ", "యాడికి పోతాండావు?" అంటూ మాట్లాడుతుంటే మా అత్తగారు ఫోనులో విని హడలిపోయారు.

పట్నంలో పిల్లలకు పండుగలు వస్తాయి. పల్లెలో రుతువులు కూడా వస్తాయి. ఆరుద్ర కార్తెలో తొలి జల్లు పడగానే ఎర్రటి పట్టుబట్ట ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేలమీద తిరిగేవి. బాబు వాటిని అగ్గిపెట్టెలో దాచి, పొద్దున్నే "నిద్ర లేచినాయా?" అని చూసి, అవ్వ కోప్పడితే గడ్డిలో వదిలేసేవాడు. బావి మీదికి వంగిన తాటిచెట్టుకు గిజిగాడి గూళ్ళు వేలాడేవి. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుందనీ, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తి చేస్తుందనీ అవ్వ చెబితే, "మన బ్యాంకులో ఇంటి రుణం లాగే, వాయిదాల మీద!" అని నేను నవ్వాను. ఆ హాస్యం ఎవరికీ ఎక్కలేదనుకోండి.

వేసవిలో ముంజలు, సంక్రాంతికి తేగలు. చెనిక్కాయలు పెరికే రోజుల్లో పిల్లలు చేలోనే ఉండేవారు. తీగతో సహా కాయలను చెత్తమంట మీద కాల్చి, మసిమూతులతో ఇంటికి వచ్చేవారు. పట్నంలో అన్నం తినిపించడానికి గంటసేపు కథలు చెప్పించుకున్న బాబు, అవ్వ పెట్టిన రాగి సంగటి, ఊరుబిండి రెండు ముద్దలు అడిగి తినేవాడు.

అన్నీ ముచ్చట్లేనని చెబితే అబద్ధమవుతుంది. రెండో ఏడు ఒక రాత్రి కట్టెల దగ్గర బాబుకు తేలు కుట్టింది. చేతులు చల్లబడ్డాయి, ఒళ్ళంతా చెమటలు. ఎదురింటి రైతు తన మోటారు సైకిలు మీద మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తెల్లవారేదాకా వాడి ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాం. ఎండ వచ్చేసరికి కుదుటపడ్డాడు. ఇంటికి వచ్చేటప్పుడు మా ఆవిడ, "సామాన్లు సర్దుతాను. మీరు ఉండండి, మేము వెళతాం" అంది. నేను మారుమాట్లాడలేదు. వాకిట్లో వీధి ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. ఒకరి చేతిలో పాల చెంబు, ఒకరి కొంగులో గుడ్లు. అవ్వ పొయ్యి వెలిగించి వేడినీళ్ళు కాచి ఉంచింది. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చుంది. సామాన్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఏరు. ఆరణి ఏరు ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వానలు బాగా పడితేనే పారుతుంది. మిగతా రోజుల్లో ఇసుకే. ఆ ఇసుకలో మోచేతి లోతున గుంట తవ్వితే నీరు ఊరుతుంది. అదే చెలమ. మొదట బురదగా వచ్చిన నీటిని రెండుసార్లు తోడి పారబోసి, ఓపిగ్గా కూర్చుంటే అద్దంలాంటి నీరు నిలుస్తుంది. ఆ ఓపిక అవ్వ మా పిల్లలకు నేర్పింది. "కెలక్కండ్రా, దానంతట అది తేరుకుంటాది" అనేది.

2003, 2004 సంవత్సరాల మద్రాసు నీటి ఎద్దడి ఎవరు మరిచిపోగలరు? చెరువులు ఎండి, లారీ నీళ్ళకోసం రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు వీధి చివరిదాకా బారులు తీరిన రోజులవి. "పల్లెటూళ్ళో పిల్లల్ని పాడుచేస్తున్నారు" అన్న మా బంధువులే 2003 వేసవిలో మా ఇంటికి వచ్చి, పంపుసెట్టు కింద గంటసేపు స్నానం చేసి వెళ్ళారు. పట్నం పిల్లలకు చెలమ తవ్వడం మా పాప నేర్పింది, తెలుగులోనూ తమిళంలోనూ!

2004 మేలో తిరిగి పట్నం వచ్చేశాం. చదువుల కోసమే. ఆ నిర్ణయం తప్పని అనను, సులువుగా తీసుకున్నామని కూడా అనను. లారీ కదిలేటప్పుడు బాబు ఒక కోడిపిల్లను చొక్కాలో దాచుకుని కూర్చున్నాడు. అవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది.

మేము వచ్చేసిన ఏడాది చివరే, సత్యసాయి ట్రస్టు బాగుచేయించిన కాలువలో కండలేరు నీళ్ళు పూండి జలాశయానికి చేరాయి. 1983లో రామారావుగారు, ఎం.జి.ఆర్. గారు చేసుకున్న తెలుగు గంగ ఒప్పందం ప్రకారం మద్రాసుకు ఏటా 12 టి.ఎం.సి.లు రావాలి. 1996లోనే తొలిసారి నీరు వచ్చినా, దారిలో ఇంకిపోయేది ఎక్కువగా ఉండేది. ఆ కాలువ మన రాష్ట్రంలో అడుగుపెట్టేది ఊత్తుకోట దగ్గరే. కుళాయి తిప్పినప్పుడల్లా ఈ నీరు మన ఊరి పక్కనుంచి వచ్చిందని పిల్లలు చెప్పుకునేవారు.

ఇప్పుడు మా పాపకు నాలుగేళ్ళ కూతురు. అపార్టుమెంటులో పుట్టి పెరిగింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. "నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?" అంటే "ట్యాంకర్ నుంచి" అంది. మొన్న వేసవిలో అందరం సురుటుపల్లి వెళ్ళాం. స్వామి అలాగే పడుకుని ఉన్నాడు. అవ్వ లేదు, వేపచెట్టు ఉంది. ఇల్లు మిద్దె అయింది.

ఏట్లోకి దిగాం. ఇసుక మునుపటంత లేదు. చాలాచోట్ల రాళ్ళు తేలాయి. మా పాప కూతురి చెప్పులు మాసిపోతాయని మొదట గట్టునే నిలబెట్టింది. తరువాత ఏమనుకుందో, తన చెప్పులూ విడిచి, చీర దోపుకుని మోకాళ్ళమీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. మోచేతి లోతున తడి మాత్రమే తగిలింది. భుజం దాకా చెయ్యి పెట్టి తవ్వితే గాని నీరు ఊరలేదు. మనుమరాలు వెంటనే చెయ్యి పెట్టబోయింది. "కెలకబాకమ్మా, దానంతట అది తేరుకుంటాది" అంది వాళ్ళమ్మ, అచ్చం అవ్వ మాటతీరులో. ముగ్గురు ఆడవాళ్ళూ గుంట చుట్టూ కూర్చున్నారు.

ఇంటికి వచ్చాక పిల్ల పక్కింటి స్నేహితురాలికి ఇంగ్లీషులోనే ఏదో చెబుతోంది. మధ్యలో ఒక్క మాట మాత్రం తెలుగులో వినబడింది: "చెలమ."

చిన్నపిల్లలున్న సభ్యులకు నా మనవి. మాధవరం బస్ స్టాండులో బస్సు ఎక్కితే పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. స్వామి దర్శనమయ్యాక ఇంకాస్త ముందుకు వెళితే నాగలాపురంలో, కృష్ణదేవరాయలు తన తల్లి పేరు నిలిపిన ఊరిలో, వేదనారాయణస్వామిని కూడా చూడవచ్చు. పిల్లలకు మాసిపోయినా పర్వాలేదనిపించే బట్టలు వేసి తీసుకెళ్ళండి. ఏట్లో ఇసుక ఇంకా కొంత మిగిలి ఉంది.