కుళాయి మీది మెఱుగు

సముద్రతీరమునకు చేరువనున్న ఒక ఊరిలో ఒక వృద్ధురాలు ఉండెను. చిన్ననాటి నుండియు ఆమెకు ఇత్తడి సామాను తోముట అలవాటు. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు ఉన్నచో ఎంత నల్లబడిన బిందెయైనను ఆమె చేతిలో బంగారమువలె మెఱసెడిది.

కుమారుడు క్రొత్త ఇల్లు కట్టి, వంటయింట తళతళలాడు కుళాయిని బిగింపించెను. ఆమె దానిని చూచి మురిసి, బిందెలతోపాటు దానిని గూడ నిత్యము తోమసాగెను. రెండేండ్లు తిరుగకమునుపే దాని వన్నె మాసెను. మేనంతయు గీతలు పడెను. అచ్చటచ్చట ఆకుపచ్చని చుక్కలు కనబడెను. ఎంత తోమిన అంత చెడుచుండెను. “కొడుకు మోజుపడి తెచ్చిన వస్తువును నా చేతులతో పాడుచేసితిని” అని ఆమె లోలోన కుందెను.

కుళాయిని మార్చుటకు వచ్చిన పనివాడు ఆమె మాట విని, పాతదానిని ఆకురాయితో ఒకమూల గీచి చూపెను. పైనున్న తెల్లని మెఱుగు తొలగి, లోన పసుపుపచ్చని లోహము బయటపడెను.

“ఓరి నాయనా! ఇదియు మన ఇత్తడియేనా?” అని ఆమె ఆశ్చర్యపడెను.

“ఇత్తడియే, అమ్మగారూ. మీ చెంబు లోపల, వెలుపల ఒకటే లోహము. దీనికి మాత్రము పైన చర్మమువంటి పూత ఉన్నది” అని అతడు చెప్పెను.

ఆ మాటలోనే సర్వమును ఇమిడియున్నది. ఇత్తడి రాగియు తుత్తునాగమును కలిసిన మిశ్రలోహము. మంచి కుళాయిలను దానితో పోతపోసి, నునుపుచేసి, విద్యుత్ప్రవాహము సాయమున మొదట నికెలును, దానిపై క్రోమియమును పూయుదురు. క్రోమియమును 1797లో ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వోక్లాన్ కనుగొనెను. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. కుళాయిపై నికెలు పూత సాధారణముగా కొన్ని మైక్రానుల మందము ఉండును. క్రోమియము పూత తఱచుగా అర మైక్రానునకు మించదు. తలవెండ్రుక దానికంటె నూఱు రెట్లయినను దళసరిగా నుండును.

అంత పలుచనిదయ్యును క్రోమియము గట్టిది. గాలి సోకినంతనే కంటికి కనబడని ఆక్సైడు పొర దానిపై ఏర్పడి, దానిని కాపాడును. కాని ఆ పూతలో సూక్ష్మమైన బీటలును రంధ్రములును ఉండును. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో గూడి వానిలోనికి దిగును. నికెలును తినివేసి, ఇత్తడిని చేరును. అప్పుడు లోనున్న రాగి ఆకుపచ్చని చిలుముగా పైకి వచ్చును. బూడిదలోని ఇసుక రేణువులు, ఇనుప పీచు ఆ పూతను గీచి చెఱచును. మరుగుదొడ్లు కడుగు హైడ్రోక్లోరిక్ ఆమ్లము క్రోమియమునే కరగించును.

కుళాయిపై పేరుకొను తెల్లని మరకల సంగతి వేఱు. అవి కఠినజలము ఆరగా మిగిలిన సున్నపు పొరలు. లోహము చెడుటచే ఏర్పడినవి కావు. నీరు కలిపిన నిమ్మరసముతో తుడిచి, వెంటనే మంచినీటితో కడిగినచో పోవును.

మఱి చింతపండు ఇత్తడి చెంబునకు మేలెట్లు చేసెను? అందలి ఆమ్లము నల్లబడిన పైపొరను కరగించును. ఆ అడుగున ఉన్నది మరల ఇత్తడియే. అందుచే తోమినప్పుడెల్ల చెంబు క్రొత్తదగును. పూతగల కుళాయికి అట్టి వీలు లేదు. పోయిన మెఱుగు పోయినదే.

ఈ సంగతి తెలిసిన పిమ్మట వృద్ధురాలి మనసు తేలికపడెను. ఆమె శ్రద్ధలో లోపము లేదు. ఆ శ్రద్ధ ఆ వస్తువు స్వభావమునకు తగినది కాకపోయెను, అంతియే. నేటికిని ఆమె బిందెలను చింతపండుతోనే తోమును. క్రొత్త కుళాయిని మాత్రము రాత్రి పనులు ముగిసిన పిమ్మట మెత్తని గుడ్డతో తడి లేకుండ తుడుచును. మనుమడు తొందరలో పీచు పట్టుకొనిన, “దానికి చర్మము పలుచన, నాయనా! మెల్లగా” అని వారించును.