పోర్షేనా, ఏఎంజీనా? నా ఎక్సెల్ షీట్‌లో లేని రెండు లైన్లు

నిజం ముందే చెప్పేస్తా. ఆ రెండు కార్లలో ఒక్కటి కూడా కొనే స్తోమత నాకు లేదు. ఒక్క రోజు అద్దెకి తీసుకోవాలనుకున్నానంతే. ఆ ఒక్క రోజు కోసం మూడు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

నేనుండేది జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. కార్ల బ్రేకుల్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేయడం నా పని. మా నాన్న ఒంగోలు డిపోలో ఆర్టీసీ డ్రైవర్. 31 ఏళ్లు బస్సు తోలి రెండేళ్ల క్రితం రిటైరయ్యాడు. ఎక్కువ కాలం చేసింది ఒంగోలు–హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్, అద్దంకి మీదుగా. అన్నేళ్లు స్టీరింగ్ పట్టుకున్న మనిషి సొంతానికి కొనుక్కున్నది మాత్రం ఒక పాత స్కూటర్. అదీ నా ఇంజనీరింగ్ ఫీజు కట్టేటప్పుడు అమ్మేశాడు.

పోయిన వేసవిలో అమ్మానాన్నా 90 రోజుల వీసా మీద నా దగ్గరకి వచ్చారు. ఇక్కడ సిటీ బస్సు ఎక్కితే నాన్న సీట్లో కూర్చోడు. డ్రైవర్ వెనకాలే నిలబడి అతను మలుపు ఎలా తిప్పుతున్నాడో చూస్తాడు. దిగాక మార్కులు వేస్తాడు. అది చూసి అనుకున్నాను, ఈ మనిషిని ఒక్కరోజైనా మంచి బండిలో, స్పీడు లిమిట్ లేని రోడ్డు మీద తిప్పాలి అని. కుదిరితే ఆయన చేతే నడిపించాలి. అందుకే అడిషనల్ డ్రైవర్ కింద నాన్న పేరు కూడా రాయించడానికి డబ్బులు పక్కన పెట్టాను. ఒంగోలు నుంచి వచ్చేటప్పుడే ఇంటర్నేషనల్ పర్మిట్ తెచ్చుకోమని పోరు పెట్టాను.

ఇక ఏ బండి? స్టుట్‌గార్ట్‌లో ఉంటూ ఆ ప్రశ్న వేస్తే జవాబు రెండు ముక్కల్లో వస్తుంది. పోర్షే ఇల్లు ఈ ఊళ్లోనే, త్సుఫెన్‌హౌజెన్‌లో. మెర్సిడెస్ ఇల్లూ ఇక్కడే. వాళ్ల ఏఎంజీ ఇంజన్లు తయారయ్యే అఫాల్టర్‌బాఖ్ ఇక్కడికి దగ్గర్లోనే ఒక చిన్న ఊరు. మనవైపు పక్కపక్క ఊళ్ల ఎడ్ల పందేల్లాగే, ఇక్కడ ఆఫీసు క్యాంటీన్‌లో కూడా అటువాళ్లు, ఇటువాళ్లు ఉంటారు.

అద్దె కంపెనీలో నా బడ్జెట్‌కి అందినవి రెండే. ఒకటి పోర్షే 911 కరేరా. రెండోది మెర్సిడెస్ ఏఎంజీ జీటీ, 2014లో మొదటిసారి చూపించిన తరం.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఎక్సెల్ షీట్ తెరిచాను. 11 లైన్లు. ఒక్కోదానికి ఇంత వెయిటేజ్ అని.

జీటీ: 4 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 476 హార్స్‌పవర్. 0 నుంచి 100కి 4 సెకన్లు. టాప్ స్పీడ్ 304. కరేరా: 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, దీనికీ రెండు టర్బోలే, 385 హార్స్‌పవర్. 0 నుంచి 100కి 4.2 సెకన్లు. టాప్ స్పీడ్ 293.

కాగితం మీద జీటీదే పైచేయి. పైగా ఆ రూపం! మైలు పొడవు బానెట్, డ్రైవర్ దాదాపు వెనక చక్రాల మీద కూర్చుంటాడు. ఇంజన్ ముందు చక్రాల ఇరుసుకి వెనకగా ఉంటుంది, గేర్‌బాక్స్ మాత్రం వెనక ఇరుసు దగ్గర. బరువు రెండు వైపులా సర్దుకోవడానికి ఆ ఏర్పాటు. ఇక ఆ వీ8 స్టార్ట్ చేస్తే వచ్చే శబ్దం... యూట్యూబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

911 సంగతి వేరు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో బయటికొచ్చినప్పుడు దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావి అని ప్యూజో అభ్యంతరం చెబితే 911 చేశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఇంజన్ వెనకాలే, ఇరుసుకి కూడా వెనక. లెక్క ప్రకారం స్పోర్ట్స్ కారుకి అది తప్పు చోటు. బరువంతా తోకలో ఉంటే మలుపులో తోక ముందుకి రావాలని చూస్తుంది. ఆ తప్పుని పట్టుకుని వేలాడి, దాన్ని అరవై ఏళ్లుగా సరిచేస్తూనే ఉన్నారు. ఇంజనీర్లకి ఆ మొండితనం నచ్చుతుంది. నాకూ నచ్చుతుంది. కానీ ఇన్‌స్టాలో పెట్టే ఫోటో విషయానికొస్తే మనసు జీటీ వైపే లాగింది.

షీట్‌లో ఫలితం: జీటీ 82, కరేరా 79. అసలు మొదటిసారి వచ్చింది వేరే. కరేరాకి ఒక మార్కు ఎక్కువ వచ్చింది. అప్పుడు 'సౌండ్' వెయిటేజ్ 10 నుంచి 15కి పెంచాను. మీరు నవ్వుకోవచ్చు. ఫోన్ కొనేటప్పుడు, జాబ్ మారేటప్పుడు మీరూ ఇలాంటి షీట్ ఒకటి చేసే ఉంటారు. మనకి కావాల్సిన జవాబు ముందే తెలుసు, షీట్ చేత ఊ కొట్టించుకుంటాం.

బుక్ చేసే ముందు రెండు బళ్లూ చూసుకోవచ్చన్నారు. శుక్రవారం సాయంత్రం ఇద్దర్నీ తీసుకెళ్లాను.

యార్డ్‌లో కుర్రాడు జీటీ బానెట్ ఎత్తాడు. ఇంజన్ మీద చిన్న పలక, దాని మీద ఒక సంతకం. ఒక ఇంజన్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకే మనిషి బిగిస్తాడని, చివర్లో అతని సంతకం వేస్తారని నాన్నకి చెప్పాను. నాన్న చాలాసేపు అక్కడే ఉండిపోయాడు. "సంతకం పెట్టాడంటే పూచీ అతనిదేగా" అన్నాడు. డ్యూటీ దిగాక బండిలో ఏ తేడా ఉందో రాసి, కింద సంతకం పెట్టి ఇంటికొచ్చేవాడు తను. రాయకపోతే పొద్దున ఎక్కే డ్రైవర్ ఏమైపోతాడు అనేవాడు. సరే, జీటీకి ఇంకో 5 మార్కులు అనుకున్నాను మనసులో.

తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. నాన్న స్టీరింగ్‌ని తాకి కళ్లకద్దుకున్నాడు. అటూ ఇటూ చూసి, "బానెట్ ఎక్కడ అయిపోతోందో తెలియట్లేదురా. మూలలు కనపడని బండిని ఎట్లా తోల్తారు?" అన్నాడు.

911లో కూర్చోగానే ఆ మాట అనలేదు. ముందు చక్రాల మీద ఎత్తుగా లేచిన రెండు ఫెండర్లూ సీట్లోంచే కనిపిస్తాయి. బండి వెడల్పు ఎంతో కంటికి తెలిసిపోతుంది. "ఇంజనేదీ?" అన్నాడు. వెనక ఉందన్నాను. మొహం వెలిగిపోయింది. "మన గరుడ లాగా!"

ఇది అర్థం కావాలంటే పాత ఎక్స్‌ప్రెస్ బస్సులు తెలియాలి. వాటికి ఇంజన్ డ్రైవర్ పక్కనే. ఎండాకాలంలో మిర్యాలగూడ దాటేసరికి ఎడమకాలు ఉడికిపోయేది. ఇంటికొచ్చాక అమ్మ ఆ కాలికి కొబ్బరినూనె రాసేది. గరుడ వోల్వోలకి ఇంజన్ వెనకాల. డిపోలో ప్రతి డ్రైవర్‌కీ ఆ బండి మీద కన్నుండేది. నాన్నకి ఆ డ్యూటీ ఎప్పుడూ పడలేదు.

"సరే గానీ, ఏది ముందు ఆగుద్ది?" అన్నాడు నాన్న.

నాకు మాట రాలేదు. నా షీట్‌లో 11 లైన్లున్నాయి. బ్రేకుల లైను లేదు. నెలనెలా నాకు జీతం వచ్చేది బ్రేకుల మీదే. స్పీడు రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుందని కొత్తగా చేరిన వాళ్లకి బోర్డు మీద గీసి చెప్పేది నేనే. 100లో వెళ్తూ బ్రేకు కొడితే బండి ఎంత దూరంలో ఆగుతుందో, 200లో దానికి నాలుగు రెట్లు కావాలి. అలాంటివాణ్ణి, నా సొంత షీట్‌లో ఎంత తొందరగా కదులుతుందో రాసుకున్నాను గానీ ఎంత తొందరగా ఆగుతుందో రాసుకోలేదు.

"రెండూ బాగానే ఆగుతాయి నాన్నా" అని ఏదో అన్నాను.

అంతసేపూ చెకోడీల సంచి పట్టుకుని పక్కన నిలబడ్డ అమ్మ అప్పుడు అడిగింది. "ఇందులో నేనెక్కడ కూర్చోవాలిరా?"

అమ్మ వేలు పెట్టి చూపించింది జీటీని. అందులో సీట్లు రెండే. 2023లో వచ్చిన కొత్త తరంలో వెనక రెండు చిన్న సీట్లు వేయించుకునే వీలుంది గానీ, మాకు దొరికింది పాతది. నేను నోరు తెరిచేలోపే అమ్మే సర్దేసింది. "పోన్లే, మీరిద్దరూ వెళ్లి రండి. నేను ఇంట్లో వంట చేసి ఉంచుతా."

మూడు వారాలు. 11 లైన్లు. సౌండ్‌కి 15 మార్కులు. అమ్మకి ఒక్క లైను లేదు. నాన్న 31 ఏళ్ల డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి లేచి క్యారేజీ కట్టిన మనిషికి నా లెక్కలో సీటే లేదు. పైగా 'మీరిద్దరూ వెళ్లి రండి' అనడం ఆమెకి ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాటలో కోపం కూడా లేదు.

911 బుక్ చేశాను. దాని వెనక సీట్లు నిజానికి పిల్లల కోసమే. అమ్మ ఎత్తు ఐదడుగులు కూడా ఉండదు కాబట్టి, ముందు సీటు బాగా జరిపితే ఎలాగో పట్టింది.

శనివారం పొద్దున్నే ఏ81 ఎక్కాం. 200 కిలోమీటర్లు దాటితే కిలోమీటర్‌కి ఇంత అని అదనం, అందుకే రోట్‌వైల్ దాకా వెళ్లి తిరిగి రావాలని ప్లాన్. ఇక్కడి బళ్లకి స్టీరింగ్ ఎడమవైపు. నాన్న కూర్చున్నది కుడివైపు సీట్లో, అంటే 31 ఏళ్లు ఆయన కూర్చున్న వైపే. కాసేపటికి గమనించాను, ఆయన ఎడమచెయ్యి తనంతట తనే గేర్ దగ్గరకి వస్తోంది. ఆ బండిలో గేర్ సెలెక్టర్ గడ్డం గీసుకునే ట్రిమ్మర్ అంత ఉంటుంది. "ఇంతేనా?" అని వేలితో తడిమి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

హెరెన్‌బెర్గ్ దాటాక తెల్లటి గుండ్రటి బోర్డు, దాని మీద ఏటవాలుగా నల్ల గీతలు. స్పీడు లిమిట్ అయిపోయిందని అర్థం. ఇక్కడ 130 అనేది సలహా మాత్రమే. కాకపోతే అది దాటి నడుపుతూ యాక్సిడెంట్ అయితే, తప్పు మనది కాకపోయినా కొంత బాధ్యత మన మెడకి చుట్టుకోవచ్చు. రోడ్డు ఖాళీగా ఉంది. 150, 180, 200. వెనక ఇంజన్ గొంతు మారింది. నాన్న కుడికాలు కింద మ్యాట్‌ని గట్టిగా తొక్కిపెట్టి ఉంది, అక్కడ లేని బ్రేకుని. తన సర్వీసులో 80 దాటి తోలలేదని చెప్పుకునే మనిషి. 210 దగ్గర నేనే కాలు తీశాను.

"చాలా?" అన్నాను.

"అమ్మ మెడ చూడు ఒకసారి" అన్నాడు.

రెస్ట్ ఏరియాలో ఆపాను. తాళం అందించి, "నాన్నా, ఇప్పుడు నువ్వు" అన్నాను. అసలు ఈ రోజంతా నేను ఎదురుచూసింది ఆ క్షణం కోసమే. నాన్న తాళం తీసుకోలేదు.

"ఒద్దురా. అవతలి బోర్డు మీద ఏం రాసుందో నాకు కనపడట్లేదు. అక్షరాలు అలుక్కుపోతన్నాయి."

భాష రాక అనుకున్నాను. కాదు. ఏడాదిగా అలాగే ఉందట. రాత్రుళ్లు ఎదురు లైట్లు చుట్టూ పువ్వుల్లా విచ్చుకుంటాయట. అమ్మకి కూడా చెప్పలేదు. డ్రైవర్‌కి కళ్లు పోతున్నాయంటే ఇంకేముంటుంది అని ఊరుకున్నాడట. రోజూ వీడియో కాల్ చేసే నేను కనిపెట్టలేదు. ఏ బండి ఎన్ని సెకన్లో 100కి వెళ్తుందో మాత్రం నోటికొచ్చు.

నాన్న వెనక్కి వెళ్లి ఆ పిల్లల సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చున్నాడు. అమ్మ ముందుకొచ్చింది. 246 మీటర్ల రోట్‌వైల్ లిఫ్టు టవర్ దూరం నుంచి కనిపించేదాకా 120లోనే వెళ్లాం. మధ్యలో అమ్మ చెకోడీ నములుతూ, "ఎడమ లైనులో వస్తన్నాడు చూడు" అని చెప్తూనే ఉంది. ఇంతకాలం నాన్న నడిపే బస్సులో ముందు సీటు దొరికితే ఇదే చేసి ఉండేదేమో. దొరకలేదు.

ఆ సాయంత్రం బండి అప్పగించేటప్పుడు నాన్న వెనకవైపు ఇంజన్ మూత మీద చెయ్యివేసి, రెండుసార్లు తట్టి వచ్చాడు.

మీరు ఈ రెండు కార్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే నా సలహా అడక్కండి. శబ్దం, రూపం కావాలంటే జీటీని మించింది లేదని ఇప్పటికీ అంటాను. ఎప్పటికైనా ఒకరోజు దాన్ని ఒక్కణ్ణే నడుపుతా. కానీ షీట్ చేసేటప్పుడు మొదటి లైనులో 'ఎవరెవరు కూర్చుంటారు' అని రాయండి, రెండో లైనులో 'ఎలా ఆగుతుంది' అని. మిగతావి తర్వాత.

ఊరెళ్లాక నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. పోయిన వారం వీడియో కాల్‌లో బస్టాండ్ ముందు నిలబడి ఫోన్ తిప్పి చూపించాడు. రోడ్డు అవతల ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్తోంది. నాకు స్క్రీన్ మీద మసగ్గా ఉంది. నాన్నే చదివి వినిపించాడు.

"హైదరాబాద్, వయా అద్దంకి."