కంభం చెరువు కట్ట మీద ఒక పొద్దు

"పిట్టల్ని చూడ్డానికి రైలెక్కి పోవాలా? మన పెరట్లో లేవూ?" అని మా అత్తయ్య ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారని మొన్న పుష్యమాసంలో మావారూ, డిగ్రీ చదివే మా అబ్బాయీ, నేనూ మార్కాపురం నుంచి కంభం వెళ్ళొచ్చాం. గిద్దలూరు వైపు పోయే రైల్లో తర్లుపాడు దాటితే వచ్చేది కంభమే. ముందురోజు సాయంత్రమే వెళ్ళి మా చెల్లెలి ఇంట్లో పడుకున్నాం. ఎందుకంటే, పిట్టల్ని చూడాలంటే పొద్దు పొడవకముందే కట్ట మీద ఉండాలిట.

ఈ చెరువును శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. రెండు కొండల మధ్య సందుకి కట్ట వేసి, నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మను నిలబెట్టారు. పొడవు 7 కిలోమీటర్ల దాకా ఉంటుందంటారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా కూడా గుర్తించారు. నేను కొత్తకోడలుగా వచ్చిన ఏడు మాత్రం వానల్లేక నెర్రెలిచ్చిన మట్టే చూశాను. ఒక్క కొంగ లేదు. నీళ్ళుంటేనే కదమ్మా పిట్టలు!

ఈసారి నీళ్ళున్నాయి. మంచు తెరలు విడిపోతుంటే ముందు కనబడ్డవి నల్లటి నీటికోళ్ళు. నుదుట తెల్లనామం పెట్టినట్టు ఉంటుంది చూడండి, అవే. గుంపులు గుంపులు. నీటికాకులు బండల మీద రెక్కలు విప్పి, మనం తడిచీర ఆరేసుకున్నట్టు ఆరబెట్టుకుంటున్నాయి. కట్ట మీద తోక ఊపుకుంటూ నడిచే ఇంతంత పిట్టను మావాడు చూపించి, అది చలిదేశాల నుంచి ఏటా వస్తుందన్నాడు. అంత పిట్ట, అంత దూరం! హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతుల కోసం వాడు బైనాక్యులర్‌తో వెతికాడు గానీ మాకు దొరకలేదు.

మీరు వెళితే ఎర్రచీర, జరీచీర కట్టుకోకండి, బెదిరిపోతాయి. జొన్నరొట్టె, నువ్వుల పొడి, ఫ్లాస్కులో టీ చాలు.

దిగి వస్తుంటే సంచీతో ఒకతను ఎదురయ్యాడు. "నీటికోళ్ళు అక్కా, జత తీసుకో, వేడి చేస్తాయి చలికి." సంచీ కదులుతోంది. మావారు జేబులో చెయ్యి పెట్టారు. అత్తయ్యకి ఆ కూర ప్రాణం మరి. పదిహేనేళ్ళ కిందట నేనే మిరియాలు నూరి వండాను కూడా. దాచడం ఎందుకు?

"వద్దండీ" అన్నాను. ఆయన "అమ్మ అడిగింది కదే" అన్నారు. వీటిని పట్టడం, అమ్మడం 1972 చట్టం ప్రకారం నేరమని మావాడు మెల్లగా చెప్పాడు. అతను మా వాడి వంక చూసి, "చట్టం బియ్యం పెడతదా నాయనా?" అంటూ గబగబా వెళ్ళిపోయాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆయన దారంతా మాట్లాడలేదు.

ఇంటికి రాగానే అత్తయ్య సంచీ తడిమి చూశారు. ఉత్తచేతులే అని తెలిసి మూతి ముడిచారు. ఆ రాత్రి పల్లీల పచ్చడీ, అన్నం పెట్టాను. సగం తిన్నాక తలెత్తకుండానే అడిగారు: "ఆ నామం కోళ్ళు ఇంకా అట్లాగే గుంపులుగా వస్తున్నాయా?"

"వస్తున్నాయి అత్తయ్యా" అన్నాను.