చార్మినారు వీథిలో మా కాలినడక

మన యిండ్లలోని స్త్రీలు పెండ్లిండ్లకు పోవుదురు, పురుళ్లకు పోవుదురు, తిరుపతికి పోవుదురు. ఒక యూరిని ఊరికొఱకే చూచివత్తమని బయలుదేఱుట మాత్రము అరుదు. బయలుదేఱినను ముందొక పురుషుడు నడువవలె, అతని మడమలను చూచుచు మనము నడువవలె. ఎక్కడ నిలుచుట, ఎంతసేపు నిలుచుట, ఏది కొనుట, ఏది మానుట, సర్వమును అతని చిత్తము. అతడు లేనిచో ఆ స్థానమును రూపాయలు పుచ్చుకొని కథలు చెప్పు మార్గదర్శి యాక్రమించును. ఇల్లు చేరిన పిదప ఏమి చూచితిరని యెవరైన అడిగినచో, మనకు జ్ఞాపకముండునది జనసమ్మర్దమును కాళ్లనొప్పియును మాత్రమే.

మేము మడకశిరవారము. మొన్న శీతకాలమున ఒక శుభకార్యమునకై హైదరాబాదు పోవలసివచ్చి, హిందూపురమున రైలెక్కి కాచిగూడలో దిగితిమి. కార్యము ముగిసిన మఱునాటిని మాకొఱకు మిగుల్చుకొంటిమి. మా ఆడపడుచు, పొరుగింటి అక్క, పండ్రెండేండ్ల మా అమ్మాయి, మేము, వెరసి నలుగురము. పాతబస్తీ చూచుటకు మేమే పోవుదుమనగా, బస చేసిన యింటి చిన్నాయనగారు కండ్లు పెద్దవి చేసిరి. “మగదిక్కు లేకుండా ఎట్ల పోతారమ్మా? దారి తప్పుతారు, అంగళ్లలో మోసపోతారు” అనిరి.

దారి తప్పుటకు అక్కడ అవకాశమే లేదని మేము ముందే చదివియుంటిమి. అఫ్జల్‌గంజి నుండి మూసీ వంతెన దాటి చార్మినారు చేరువఱకు ఒక్కటే రాజవీథి, సుమారొక మైలు. ఏ కట్టడము ఏ సంవత్సరమునాటిదో, ఏది యెడమప్రక్క, ఏది కుడిప్రక్కనో ఒక కాగితముపై వ్రాసి అమ్మాయి చేతికిచ్చితిమి. చేతిఫోనులో పటమున్నది గాని, దానిని చూచుచు నడుచువాడు వీథిని చూడడు. మనుచరిత్రలోని ప్రవరునకు సిద్ధుడు పాదలేపనమిచ్చెను. అది మంచుకు కరగిపోవుటచేత గదా ఆ కథయంతయు నడచినది! మాకు లేపనము లేదు గాని చెప్పులు గట్టివి.

మొదట మేము చూడగోరినది మినారు కాదు, ఒక చింతచెట్టు. అది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఏటి యొడ్డున ఉన్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు కొట్టుకొనిపోయిరి. ఆనాడు ఈ చెట్టు కొమ్మల నాశ్రయించి సుమారు 150 మంది బ్రదికిరని ప్రసిద్ధి. మా సీమలో ఏఱనగా ఇసుక. వానలేక ఇంటికి తాళము వేసి బెంగుళూరునకు కూలికి పోయినవారిని ప్రతి వీథిలోను ఎఱుగుదుము. నీరు హెచ్చి చచ్చినవారిని ఎఱుగము. చింతచెట్టు మాకు పులుసు, పచ్చడి, హిందూపురపు మండీలో నాలుగు రూపాయలు. ఇక్కడ అది తల్లియై జనమును చంకనెత్తుకొన్నది. పొరుగింటి అక్క చెప్పులు విడిచి ఆ మాను నొకసారి తాకి కన్నులకద్దుకొనెను.

ఆ వరద పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. నదికి పైన చెఱువులు కట్టి వరదను ఆపవలయునని ఆయన సలహా యిచ్చెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ప్రాణములు తీసిన నీటినే ఆపి దాహము తీర్చుకొన్నారన్నమాట. కృష్ణానీటిని హంద్రీ-నీవా కాలువలలో ఎత్తిపోసి తెచ్చుకొనవలసిన మా వైపువారికి ఆ సలహాలోని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. వంతెనపై నిలిచి క్రిందికి చూచిన, నేటి మూసీ సన్నగా నల్లగా పాఱుచున్నది. ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొనియే దాటితిమి.

వంతెన దాటినంతనే యెడమవైపు సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాల. దానిని పూర్తిగా చూడవలెనన్న ఒక దినము చాలదు. మేము ఒక్క బొమ్మకొఱకే పోయితిమి. ముసుగు వేసికొన్న రెబెకా యనునది దాని పేరు. ఇటలీ దేశపు శిల్పి బెంజోని చెక్కిన దానిని మొదటి సాలార్‌జంగు 1876లో రోముపురమున కొని తెచ్చెను. పాలరాతి ముసుగు, ఆ ముసుగులోనుండి కనబడు ముఖము, రెండును ఒకే రాయి. “ముసుగు ఎత్తి చూపరా?” అని అమ్మాయి అడిగెను. కావలివాడు నవ్వెను. శుక్రవారము ఈ శాలను మూయుదురు. పోవు సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలెను.

అక్కడినుండి పత్తర్‌గట్టీ. పేరునకు తగినట్లు రెండు ప్రక్కలను రాతికమానుల వరుసలు, వాని వెనుక అంగళ్లు. వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలివారు ఇరుకు వీథులను వెడల్పుచేసి కట్టించిన వానిలో ఇది యొకటి. కమానుల క్రింద నీడయున్నది. ఎండలో నడచు బీదజనమును తలచి కట్టినవాని బుద్ధిని మెచ్చుకొంటిమి; ఇప్పటి అద్దాల మేడల ముందు ఒక ముసలమ్మ నిలుచుటకు జానెడు నీడ లేదు. అత్తరు అంగళ్లవారు మణికట్టునకు ఒక్కొక్క చుక్క పూసిరి. నాలుగు అంగళ్లు దాటువఱకు మా చేతులు నాలుగు తోటలైనవి. ఏమియు కొనలేదు.

తరువాత చార్ కమాన్. నాలుగు దిక్కుల నాలుగు పెద్ద కమానులు, నడుమ గుల్జార్ హౌజు అను నీటితొట్టి. చార్మినారుతోపాటు పదునాఱవ శతాబ్దపు చివర వెలసిన యేర్పాటిది. ఉత్తరపు కమానుకు మఛ్లీ కమాన్, అనగా మత్స్యద్వారమని పేరు. నగరము కట్టువారు నడుబజారున మొదట నీటికి చోటుంచిరనుట మాకు నచ్చినది. ఈ చుట్టుప్రక్కలనే ముత్యాల అంగళ్లు. సముద్రమునకు ఇంత దూరమున ముత్యములేమని అమ్మాయి సందేహము. పండినది ఎక్కడనైనను, రంధ్రము వేయుట, మెఱుగుపెట్టుట, ఏర్చి కూర్చుట ఇక్కడివారి విద్య. చూచి సంతోషించితిమి, మా చేతిసంచులు ముత్యముల మాట వినునంతటివి కావు.

ఇక చార్మినారు. మహమ్మదు కులీ కుతుబ్‌షా దీనిని 1591లో కట్టించెను. హిజరీ లెక్కకు అది వేయవ సంవత్సరము. లోపలి మెట్లు ఇరుకు, నిడుపు; పైకెక్కి నిలిచిన నాలుగు వీథులు నాలుగు దిక్కులకు పఱచినట్లు కనబడును. పై గడియారములు 1889 నాటివి. క్రింద ఒక మార్గదర్శి మమ్ము వదలక వెంబడించెను. గోలకొండకు సొరంగమున్నదనెను, భాగమతి కథ చెప్పెదననెను. భాగమతి యను నామె ఉన్నదా లేదా యని చరిత్రకారులే వాదించుకొనుచున్నారు. ఆ ప్రేమకథ అందఱకును తెలియును గాని, ఆ కులీకుతుబ్‌షా తండ్రి యిబ్రహీము కథను ఎవరును చెప్పరు.

ఇబ్రహీము చిన్నతనమున అన్నకు భయపడి పాఱిపోయి విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. తెలుగు కవిత్వపు రుచి మరిగిన ఆయనను మన కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. ఆయన కొలువులోని అమీను ఖానునకు పొన్నెకంటి తెలగన్న అచ్చతెలుగు యయాతిచరిత్రమును కృతియిచ్చెను. ఆ యిబ్రహీమే 1565లో తక్కిన సుల్తానులతో కూడి, అన్నము పెట్టిన రామరాయలమీదికి దండెత్తెను. విజయనగరము పాడై రాజధాని మా పెనుకొండకు వచ్చెను. మడకశిరనుండి పెనుకొండ యెంత దూరము! ఆ కొండక్రింది శిథిలముల నడుమ ఆడుకొని పెరిగిన మేము ఇబ్రహీము కొడుకు కట్టించిన నగరపు నడిబొడ్డున నిలిచియుంటిమి. కోపము రావలసినచో రాలేదు. తెలగన్న కావ్యమే తలపునకు వచ్చినది.

మక్కామసీదును వెలుపలినుండియే చూచితిమి. 1617లో మొదలై, ఔరంగజేబు కాలమున 1694లో ముగిసిన పని అది. ఆవరణలో పావురములు లెక్కకు మించి యున్నవి.

చార్మినారునకు పడమరగా పోవునది లాడ్ బజారు. ఇచటనే మేము రెండుగంటలుంటిమి. ఇటునటు అంగళ్లన్నియు గాజులే. దీపముల వెలుగున వీథియంతయు తళుకు. కొనువారు ఇంచుమించుగా అందఱును స్త్రీలు. నల్లని బురఖాలవారు, పల్లెలనుండి వచ్చిన కోకలవారు, కళాశాల పిల్లలు, తల్లులు, అమ్మమ్మలు. ఏ గుంపునకును ముందు పురుషుడు లేడు. మా చిన్నాయనగారిని ఇచటికి తీసికొనివచ్చియుండవలసినది.

ఇక్కడి ప్రసిద్ధి లక్క గాజులది. 2024లో వీనికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. లక్కయనగా మాకు భారతములోని లక్కయిల్లును, పూర్వపు స్త్రీల పాదములలోని లత్తుకయును తెలియును. చెట్టుకొమ్మలపై ఒక పురుగు పెట్టు జిగురే యిది. ఒక యంగడిలో జత నాలుగు వందలనిరి. మా ఆడపడుచు బేరమున అందెవేసిన చేయి. రెండు వందలకు మొదలుపెట్టెను. అంగడివాడు మూడు వందల యేబదికి దిగెను. అంతలో పొరుగింటి అక్క వెనుకకు చూచెను. అచట ఒక ముసలివాడు నిప్పుల కుంపటి ముందు కూర్చుండి, లక్కముద్దను కాచి, సాగదీసి, కఱ్ఱకు చుట్టి, రెండు కొనలను వేడిమీదనే అతికి, సూదిమొనతో ఒక్కొక్క రాయిని అదుముచుండెను. వ్రేళ్ల కొనలు కాయలు కాచియున్నవి.

అక్క యింట పట్టుపురుగులు పెంచుదురు. ఆమె బేరమాపి, “వదినమ్మా, గూళ్ల మార్కెట్లో మన గంపలో చెయ్యి పెట్టి ఇది పనికిరాదు, సగం ధర అన్నప్పుడు మనకెట్లుంటుందో తెలుసు గదా” అనెను. ఆడపడుచు ఊరుకొనలేదు. “నువ్వు ఎక్కువిచ్చినంత మాత్రాన అది ఆయప్పకు పోతుందా? గల్లాపెట్టెలోకే పోతుంది” అనెను. అడుగగా ముసలివాడు తెలుగుననే చెప్పెను: తనకు జతకింతయని కూలి, అమ్ముడైన ధర యెంతైనను ఆ కూలి మాఱదు. ఇద్దఱి మాటయు నిజమే. మేము ఎవరిప్రక్క తీర్పు చెప్పుదుము?

అక్క అంగడి దిగిపోయెను. ప్రక్కసందులో విచారించుచు పోగా, ఒక యింటి గడపలోనే భార్యాభర్తలు కుంపటి పెట్టుకొని గాజులు చేసి తామే అమ్ముచుండిరి. అతడు లక్కను చుట్టును. ఆమె రాళ్లు పొదుగును. రంగులు బజారులోనివంత తళుకు కావు. జత మూడు వందలు. అక్క మాఱుమాట లేక రెండు జతలు తీసికొనెను; మేము అమ్మాయి కొకటి, మాకొకటి. మా ఆడపడుచు మాత్రము తిరిగి మొదటి యంగడికే పోయి, ఆ మూడు వందల యేబది జతను మూడు వందలకు సాధించి వచ్చెను. దారి పొడవునను ఆ విజయమును మాకు వినిపించుచునే యుండెను.

లేచి వచ్చుచుండగా ఆ యిల్లాలు అక్క చేతిలో గోలీకాయంత పచ్చిలక్క యుండనొకదాని పెట్టి, “గాజు విరిగితే దీపం మీద కాచి అతుక్కోమ్మా” అని చెప్పెను. అక్క దానిని కొంగున ముడివేసికొనెను.