మిరప కళ్లమున వేన్నీళ్లు

గుంటూరు నుండి చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్లల మీదుగా ఒంగోలునకు పోవు రాజమార్గమున మాఘ ఫాల్గుణ మాసములలో ప్రయాణము చేయువారికి ముఖ్యముగా రెండు రంగులు కనబడును. ఒకటి నల్లరేగడి నేల. రెండవది కళ్లములలో ఆరబోసిన మిరపపండ్ల యెరుపు. మార్గము విడిచి పల్లెలలోనికి పోయినచో ఇండ్ల ప్రక్కను పెరికి తెచ్చిన పత్తికట్టె వాములు గోడయెత్తున నిలిచియుండును. ప్రొద్దు వాలునప్పటికి ఆ వాముల చెంతనే పొయ్యిలు రాజుకొనును. వానిపై నుండునది అన్నపుగిన్నె కాదు, వేన్నీళ్ల కాగు.

ఈ సీమను గూర్చి వ్రాయువారు మిరప ఘాటును, పత్తి తెల్లదనమును వర్ణింతురు. గుంటూరు మిర్చి యార్డున టిక్కీలు కొండలవలె పేర్చియుండుటను చెప్పుదురు. ఆ కాయలను కోసిన స్త్రీకి సాయంకాలము ఒక బిందెడు వేన్నీళ్లు ఎట్లు లభించునో చెప్పువారు తక్కువ. నేను చెప్పదలచినది ఆ సంగతియే. ఇది స్వల్ప విషయమని సోదరీమణులు త్రోసివేయరాదు.

కొన్ని వృత్తులకు నిప్పు సహజముగనే తోడై యుండును. అనకాపల్లి ప్రాంతమున బెల్లము వండుచోట పెనము క్రింద మంట యుండనే యుండును. రసము పిండగా మిగిలిన చెరకుపిప్పియే దానికి వంటచెరకు. అట్టిచోట పాత్రలు కడుగుటకుగాని స్నానమునకుగాని వేన్నీళ్లు కావలసినచో వేరొక పొయ్యి వెదుక నక్కరలేదు. ఒంగోలు, కందుకూరు ప్రాంతముల వర్జీనియా పొగాకు బ్యారన్లలో సయితము ఆకు పండించు దినములలో రేయింబవళ్లు నిప్పు ఆరదు. మిరపకు అట్టి భాగ్యము లేదు. దానిని ఎండబెట్టువాడు సూర్యుడొక్కడే. కోయుట, మోయుట, తాలుకాయ ఏరుట అన్నియు ఆరుబయటనే. కడుగుకొనవలసిన అవసరము ఎక్కువగా నున్న పనికే నిప్పు లేకపోయినది.

ఈ కోతలకు స్థానిక స్త్రీలు చాలరు. కర్నూలు జిల్లా పడమటి భాగమునందలి ఆదోని, కోసిగి, మంత్రాలయము ప్రాంతముల నుండి కుటుంబములు పిల్లాపాపలతో వలస వచ్చి, చేలగట్లమీదను కళ్లముల ప్రక్కను పట్టాలతో గుడిసెలు వేసికొని కోతలు ముగియువరకు కాపురముందురు. ఇల్లు అనగా నాలుగు గుంజలు, ఒక పట్టా. పొయ్యి అనగా మూడు రాళ్లు. స్నానపు గదియను మాటయే లేదు. చీకటి పడిన తరువాత చీర చాటున స్నానము చేయవలసినదే.

మిరప కోసిన చేతుల మంటను మన వంటింటి అనుభవమునుబట్టి కొంత ఊహింపవచ్చును. పది కాయలు చీరినందులకే మనకు వ్రేళ్లు మండును. వారు దినమంతయు కోయుదురు. పంటపై చల్లిన పురుగుమందు శేషము సయితము చేతులకును బట్టలకును అంటును. కాయలోని కారమునకు మూలమైన క్యాప్సైసిన్ అను పదార్థము నీటిలో కరగదు, నూనెలో కరగును. 1997లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్, ఆయన సహచరులును ఒక విశేషమును కనుగొనిరి. మన నరముల కొనలలో 43 డిగ్రీలు దాటిన వేడిని తెలియజేయు ద్వారమేదో, కారమును తెలియజేయునదియు అదియే. ఈ పరిశోధనమునకు గాను ఆయనకు 2021లో నోబెల్ బహుమానములో భాగము లభించినది. కాబట్టి మండుచున్న చేతులపై కాగిన నీరు పోసినచో మంట హెచ్చునే గాని తగ్గదు. ముందు చేతులకు నూనె రాచి, సున్నిపిండితోగాని సబ్బుతోగాని రుద్ది, చన్నీళ్లతో కడుగుకొనవలెను. ఆ పిమ్మటనే నడుమునకును కాళ్లకును గోరువెచ్చని నీరు. చన్నీళ్లకు వేన్నీళ్లు తోడన్న సామెత ఇక్కడ అక్షరాలా చెల్లును.

ఇక నీళ్లు కాచు విధములు. పత్తికట్టె కొనకుండ దొరకునది, కాని చులుకనగా మండి త్వరగా నారిపోవును. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు కాచుటకు మూడు రాళ్ల పొయ్యిలో ముప్పాతిక కిలో కట్టె పట్టునని లెక్క. దాని పొగయంతయు ఊదుచు కూర్చున్న స్త్రీ కన్నులలోనికే పోవును. మిరపకట్టె పెట్టువారు ఒక్క తాలుకాయయైనను దానిని అంటియుండకుండ దులుపవలెను. లేనిచో ఆ ఘాటునకు గుడిసె గుడిసెయంతయు పొలమారును. పత్తికట్టె వామిని మరుసటి పంట వరకు నిలువయుంచుటయు మంచిది కాదు. మోడుల నంటిన ఎండుకాయలలో గులాబీరంగు పురుగు దాగి, తొలకరికి తిరిగి చేనిలోనికి చేరును.

వంటగ్యాసు అనగా ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. 1999లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016లో కేంద్ర ప్రభుత్వపు ఉజ్జ్వల పథకమును పేద యిండ్లకు స్త్రీల పేరనే కనెక్షను లిచ్చినవి. ఆ పెద్ద సిలిండరును ఊరూర మోసికొని తిరుగుట వలసదారులకు సులభము కాదు. 5 కిలోల చిన్న సిలిండరు అట్లు కాదు, చంకబెట్టుకొని పోవచ్చును. గాలి తగులకుండ అడ్డుపెట్టి, కాగుపై మూతయుంచి కాచినచో పైని చెప్పిన 15 లీటర్లకు సుమారు 50 గ్రాముల గ్యాసు చాలును. ఆ లెక్కను ఒక చిన్న సిలిండరు 100 స్నానములకు వచ్చును. నలుగురున్న కుటుంబమునకు 25 దినములు.

ఈ సౌఖ్యమున ఒక ప్రాణాపాయము పొంచియున్నది. చలిగాలికి వెరచి గుడిసెలో పట్టా నలువైపుల దింపి లోపల పొయ్యి వెలిగించువారును, పట్టణములలో కిటికీలేని స్నానపుగదిలో గ్యాసు గీజరు బిగించుకొనువారును ఒకే ప్రమాదమునకు లోనగుదురు. మంటకు గాలి చాలనపుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. వంటగ్యాసు కారినచో వాసన వచ్చును. మనము హెచ్చరిక పొందుటకే ఆ వాసనను కలుపుదురు. ఈ విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు. తల తిరుగుచున్నదని తెలిసికొనునంతలోనే మనుష్యుడు ఒరిగిపోవును. బొగ్గుల కుంపటికిని ఇదియే నియమము. మంట బయట నుండవలెను, నీరు లోపలికి పోవలెను. ఈ ఒక్క వాక్యమును మన యాడపిల్లలకు కంఠస్థము చేయింపవలెను. తలుపు వేసికొనిన స్నానపుగదిలో మంట యెన్నడును ఉండరాదు.

ఖర్చులేని ఉపాయము మరొకటి కలదు. మిరపను ఎండబెట్టు సూర్యుడే నీటిని కాచును. నల్లని డ్రమ్మును నీటితో నింపి, మూతవేసి, ఉదయము నుండి ఎండలో నుంచినచో ప్రొద్దువాలువేళకు స్నానమునకు తగిన వెచ్చదనము వచ్చును. ఆ డ్రమ్ము మాత్రము పురుగుమందు డబ్బా కారాదు. ఎన్నిసార్లు కడిగినను ఆ విషము పూర్తిగా పోయినదని నమ్మరాదు. మందు వాడిన వెంటనే డబ్బాకు చిల్లులు పొడిచి తిరిగి వాడుకకు రాకుండ చేయుట మేలు.

ఈ పత్రిక చదువు సోదరీమణులలో చేలు గలవారును ఉందురు. కూలీల కూలి, బండి బాడుగ, గోనెపట్టాల ఖరీదు అన్నియు మీ యింటి పురుషులు లెక్కవేయుదురు. ఆ లెక్కలో ఇంకొక పద్దు వ్రాయింపుడు: ఒక క్రొత్త నల్ల డ్రమ్ము, ఒక చిన్న సిలిండరు, చాటునకు నాలుగు తాటాకు తడికెలు, సబ్బు, గిన్నెడు నూనె. ఒక టిక్కీ మిరపకాయల వెలలో ఇది ఎంతయో మీరే చూచుకొనుడు. తడికె మాత్రము మరువకుడు. ఎన్ని వేన్నీళ్లున్నను చాటు లేనిచో స్త్రీకి స్నానము లేదు. చీకటి పడువరకు మంటను ఒంటిపై భరించుచు కూర్చుండవలసినదే. మన పచ్చళ్లకు ఎరుపు తెచ్చిన చేతులు, ప్రొద్దుండగనే చల్లబడుట న్యాయము.